ఖో ఇవ్వడం

కెప్టెన్ అంటే గట్టిగా అరిచేవాడని మనలో చాలామంది అనుకుంటాం. నేనూ అట్లాగే అనుకున్నాను.

ఖో-ఖోలో ఎనిమిది మంది ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి కూర్చుంటారు. తొమ్మిదోవాడు తరుముతాడు. వాడు మధ్య గీత దాటకూడదు, స్తంభం చేరేదాకా వెనక్కి తిరగకూడదు. ఎదుటివాడు గీత అవతలికి దూకితే మన వేగం ఎందుకూ పనికిరాదు. అటు చూస్తూ కూర్చున్నవాడి వీపు తట్టి "ఖో" అనాల్సిందే. నేను ఎవరికీ ఇవ్వకుండా ఒక్కణ్ణే ఉరికి, ఆయాసపడి, ఆట పోగొట్టాను.

పదో తరగతి అన్న తిట్టలేదు. మర్నాడు ఆరో తరగతి పిల్లలకి ఆట నేర్పే పని నాకే అప్పజెప్పాడు! వాళ్ళకి చెబుతుంటే నా తప్పు నాకే తెలిసొచ్చింది.

మనలాగే గురుకులంలో చదివిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 14 ఏళ్ళు నిండకముందే, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. మొదట భువనగిరి గుట్ట మీద శేఖర్ బాబు గారు తర్ఫీదు ఇచ్చారు. శిఖరం దాకా తోడుగా ఆనంద్ కుమార్ ఉన్నాడు.

వార్డెన్ సార్‌కి ఒక మనవి. ఆటల గంటలో చిన్నపిల్లలు ఇంకా బంతి ఏరుకొచ్చే పనే చేస్తున్నారు. వారానికి రెండు రోజులు గ్రౌండు వాళ్ళకివ్వండి, నేర్పడానికి మేము వస్తాం.