ఒక్క రోజు వెలుగు కోసం ఏడాదంతా శివకాశి

దీపావళి నాడు తెలుగు లోగిళ్లలో విప్పే కాకరపువ్వొత్తుల పెట్టె మీద అచ్చయి ఉండే ఊరి పేరు చాలామందికి కంఠస్థమే. ఆ ఊరిలో బతుకు ఎలా సాగుతుందో ఎరిగినవారు మాత్రం తక్కువ. తమిళనాడులో మదురైకి సుమారు 70 కిలోమీటర్ల దూరాన, విరుదునగర్ జిల్లా మెట్ట భూముల నడుమ ఉన్న చిన్న నగరం శివకాశి. 2011 జనగణన నాటికి పట్టణ జనాభా 71 వేల పైచిలుకు మాత్రమే. 2021లో పొరుగునే ఉన్న తిరుత్తంగల్‌ను కలిపి దీనిని నగరపాలక సంస్థగా మార్చారు. దేశంలో తయారయ్యే బాణసంచాలో దాదాపు 90 శాతం ఈ నగరం నుంచి, దాని పరిసర గ్రామాల నుంచి వస్తున్నదని అంచనా. ఇక్కడ లైసెన్సు పొందిన కర్మాగారాలు వెయ్యికి పైగా ఉన్నాయి.

ఈ పరిశ్రమకు పునాది వేసింది కరవే. వానలు తక్కువ, సాగునీరు లేదు, సేద్యం నమ్ముకుంటే కడుపు నిండదు. ఆ పరిస్థితుల్లో 1920ల ఆరంభంలో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు యువకులు కలకత్తా వెళ్లి అగ్గిపుల్లల తయారీ నేర్చుకుని వచ్చారు. యంత్రాలతో మొదలైన పని క్రమంగా చేతిపనిగా మారి ఊరూరా విస్తరించింది. అగ్గిపెట్టె నుంచి బాణసంచాకు, పెట్టెలపై అంటించే లేబుళ్ల నుంచి ఆఫ్‌సెట్ ముద్రణకు పరిశ్రమ దారి తీసింది. రసాయనాలు ఆరడానికి పొడి వాతావరణం కావాలి. పంటకు శత్రువైన ఎండ ఈ మూడు పరిశ్రమలకూ మిత్రుడైంది.

ప్రపంచమంతటికీ సంవత్సరం జనవరిలోనో ఉగాదికో మొదలైతే, శివకాశికి దీపావళి మర్నాడు మొదలవుతుంది. పండుగ ముగియగానే కర్మాగారాలు కొద్ది వారాలు మూతపడతాయి. తరువాత పూజలు చేసి తిరిగి పని ప్రారంభిస్తారు. వేసవి నెలలు ఉత్పత్తికి అనువైనవి, ప్రమాదాలకూ అవే అనువైనవి. పండుగ దగ్గరపడే కొద్దీ లారీలు ఉత్తరాదికి బయలుదేరుతాయి. అదే సమయంలో ముద్రణాలయాల్లో రానున్న ఏటి క్యాలెండర్లు, డైరీలు అచ్చవుతుంటాయి. ఆడి మాసం 18వ రోజున కొత్త క్యాలెండర్ల నమూనాలను విడుదల చేయడం ఇక్కడి ఆనవాయితీ. తెలుగు ఇళ్ల గోడలపై వేలాడే దేవుళ్ల బొమ్మలు, దుకాణాలు పంచిపెట్టే క్యాలెండర్లు ఎన్నో ఈ యంత్రాల మీద అచ్చయినవే.

పని లేని చేయి లేకపోవడం శివకాశి ప్రత్యేకత. చదువు లేని స్త్రీకి కూడా ఇంటికి దగ్గరలో కూలి దొరుకుతుంది. తెల్లవారేసరికి పల్లెల నుంచి కార్మికులను తీసుకుని వ్యాన్లు కర్మాగారాలకు చేరతాయి. కాగితపు గొట్టాలు చుట్టడం, వత్తులు దూర్చడం, పెట్టెల్లో సర్దడం వంటి పనుల్లో స్త్రీలే అధికం. చాలా పనులకు కూలి లెక్క రోజును బట్టి కాదు, చేసిన సరుకును బట్టి. చేయి ఎంత వేగంగా కదిలితే సంపాదన అంత. మందుగుండు దగ్గర వేగమే మృత్యువుకు ఆహ్వానం. ఈ రెండు సత్యాల మధ్యనే అక్కడి కార్మికుని దినచర్య గడుస్తున్నది.

నిబంధనలకు కొదవ లేదు. మందు కలిపే, కూరే గదులు చిన్నవిగా, ఒకదానికొకటి దూరంగా ఉండాలి. ఒక్కో గదిలో నలుగురికి మించి పనిచేయరాదు. కలిపిన మందును మిగల్చరాదు. నాగపూర్‌లో ప్రధాన కార్యాలయం గల పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెద్ద కర్మాగారాలకు లైసెన్సులు ఇస్తుంది. అయినా పండుగ గడువు తరుముకొస్తున్నప్పుడు నలుగురు ఉండవలసిన గదిలో ఎక్కువమంది కూర్చుంటారు. చెట్ల నీడన కూడా మందు కూరుతారు. లైసెన్సు పొందినవారు షెడ్లను ఇతరులకు లీజుకు ఇవ్వడం నేరమైనా ఆ పద్ధతి ఆగలేదు. ప్రతి పెద్ద ప్రమాదం తరువాత జరిగే విచారణలో ఈ లోపాలే మళ్లీ మళ్లీ బయటపడుతున్నాయి.

2012 సెప్టెంబరు 5న శివకాశి సమీపంలోని ముదలిపట్టిలో జరిగిన పేలుడులో దాదాపు 40 మంది మరణించారు. వారిలో పలువురు ఆ కర్మాగారంలో పనిచేసేవారు కారు. పొగ చూసి సహాయానికి, చూడటానికి పరుగెత్తి వచ్చిన చుట్టుపక్కల వారు రెండవ పేలుడుకు బలయ్యారు. 2021 ఫిబ్రవరిలో అచ్చంకుళంలో 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. 2025 జూలైలో చిన్నకామన్‌పట్టిలో మరో పేలుడు జరిగింది. దూరాన పెద్ద శబ్దం వినిపిస్తే, ఎవరు ఏ కర్మాగారానికి వెళ్లారో తలచుకుని ఇళ్లలోని వారు వీధిలోకి వస్తారు. ప్రమాదాల్లో మరణించిన కార్మికుల పిల్లల చదువు కోసం రూ. 5 కోట్లతో ప్రత్యేక నిధి ఏర్పాటు చేస్తామని తమిళనాడు ప్రభుత్వం 2024 నవంబరులో ప్రకటించింది. అటువంటి నిధి అవసరం కావడమే ఆ నగర స్థితిని చెబుతుంది.

ఒకప్పుడు శివకాశి పేరు చెబితే బాల కార్మికులే గుర్తుకు వచ్చేవారు. 1986 నాటి చట్టం అగ్గిపెట్టెలు, బాణసంచా తయారీలో బాలలను నియమించడాన్ని నిషేధించింది. ఎం.సి. మెహతా దాఖలు చేసిన కేసులో 1996 డిసెంబరు 10న సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, పనిలో పెట్టుకున్న ఒక్కొక్క బాలునికి రూ. 20,000 చొప్పున యజమాని చెల్లించాలని ఆదేశించింది. ఆ తరువాతి కాలంలో బడికి వెళ్లే పిల్లల సంఖ్య పెరిగింది. నేటి కార్మికుల్లో అనేకులు తమ పిల్లలు ఈ పనిలోకి రాకూడదనే ఈ పని చేస్తున్నారు.

ఈ నగరానికి ఇప్పుడు మరొక చింత ఉంది. 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు బేరియం లవణాల వాడకాన్ని, దండలుగా అల్లిన టపాకాయలను నిషేధించి, తక్కువ పొగ వెలువరించే హరిత బాణసంచాను మాత్రమే అనుమతించింది. దీపావళి రాత్రి కాల్చుకునేందుకు రెండు గంటల వ్యవధి ఇచ్చింది. దానికి నిరసనగా శివకాశి కర్మాగారాలు కొన్ని నెలలపాటు మూతపడ్డాయి. కూలిపై బతికేవారు ఆ నెలలు అప్పులతో గడిపారు. 2023లో కూడా కోర్టు సడలింపునకు నిరాకరించింది. 2025 దీపావళికి మాత్రం ఢిల్లీ పరిసరాల్లో హరిత బాణసంచాను పరిమితంగా అనుమతించింది. ఢిల్లీ పసివాడి ఊపిరితిత్తులకు రక్షణ కావాలి, కాదనగలవారు లేరు. శివకాశి పసివాడికి అన్నమూ కావాలి. ప్రత్యామ్నాయ ఉపాధి చూపకుండా చేసే నిషేధం భారమంతా కూలివాని పైనే పడుతుంది.

అగ్గిపెట్టెల పరిస్థితీ అంతే. 14 ఏళ్ల తరువాత 2021 డిసెంబరు 1 నుంచి పెట్టె ధర రూపాయి నుంచి రెండు రూపాయలకు పెరిగింది. ఆ నిర్ణయం జరిగింది శివకాశిలోనే. చౌక లైటర్ల పోటీ తట్టుకోలేమని తయారీదారులు మొర పెట్టుకోగా, రూ. 20 కంటే తక్కువ విలువ గల లైటర్ల దిగుమతిని కేంద్రం 2023 జూన్‌లో నిషేధించింది.

తెలుగువారికి ఈ నేల పరాయిది కాదు. తరాల క్రితం వలస వెళ్లి, నేటికీ ఇంట తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు విరుదునగర్ జిల్లాలో అనేకం ఉన్నాయి. సమీపంలోని రాజపాళయం రాజుల కథ అందరూ ఎరిగినదే. ఆ కరవు నేల వారందరికీ నేర్పిన పాఠం ఒక్కటే, మేఘాన్ని నమ్ముకోరాదని. శివకాశి మందుగుండును నమ్ముకుంది. శతాబ్దం గడిచాక ఆ నమ్మకానికి చెల్లిస్తున్న మూల్యం ఎంతో లెక్క చూసుకోవలసిన బాధ్యత ఆ నగరానిది మాత్రమే కాదు. ఏటా ఆ పెట్టెలు కొని వెలుగును ఆనందించే వారందరిదీ. కొనేవాడు బేరమాడి తగ్గించుకునే ప్రతి రూపాయి, ఏదో ఒక గదిలో నలుగురికి బదులు ఎనమండుగురు కూర్చోవడానికి కారణమవుతున్నదేమో ఆలోచించాలి.