స్వమతభేదసహనము – క్రైస్తవ, ఇస్లాము మతముల తీరు

సహనమనగానే మనము సామాన్యముగా పరమతసహనమునే తలతుము. అంతకంటె కష్టతరమైన సహనము వేఱొకటి కలదు. అది ఒకే దేవుని, ఒకే గ్రంథమును నమ్మియు, అర్థమును వేఱుగా చెప్పు స్వమతస్థుని యెడ చూపవలసినది. పరాయివాడు తెలియనివాడని క్షమింపబడును. తనవాడు తెలిసియు తప్పినాడని దండింపబడును. ఈ స్వమతభేదసహనమును క్రైస్తవ, ఇస్లాము మతములు ఎట్లు సాధించినవో, ఎచ్చట తప్పినవో సంగ్రహముగా పరిశీలించుట యీ వ్యాసోద్దేశము.

క్రైస్తవమున వివాదము ప్రధానముగా విశ్వాసప్రకటనమును గూర్చినది. 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి సమావేశపఱచిన నికేయా మహాసభ క్రీస్తు తత్త్వమును నిర్ణయించి, ఏరియసు వాదమును నిరాకరించెను. 451 నాటి కాల్సిడన్ సభానిర్ణయము నంగీకరింపక ఈజిప్టు, ఆర్మీనియా సంఘములు కాలక్రమమున వేఱుపడినవి. నిర్ణయము స్పష్టమైన కొలదిని వెలియగువారును స్పష్టమైరి. లూథరు సంస్కరణమునకు పిమ్మట ఐరోపాలో మతయుద్ధములు చెలరేగెను. 1555 నాటి ఆగ్స్‌బర్గు సంధి లూథరు మతస్థులకు చోటిచ్చెను గాని, కాల్విను మతస్థులకు ఈయలేదు. 1598లో నాంటు శాసనము ఫ్రాన్సు ప్రొటెస్టంటులకు ఒసగిన రక్షణను 1685లో పదునాలుగవ లూయీ రద్దుచేసెను. 1689 నాటి ఆంగ్ల సహనశాసనము సయితము కాథలిక్కులను విడిచివేసెను. ఐరోపాలో సహనము యుద్ధములచే అలసిన పిదప, శాసనరూపమున, కొంచెము కొంచెముగా వచ్చినదని దీనివలన తెలియుచున్నది.

సున్నీ ఇస్లామున పోపు వంటి అధికారి లేడు, మహాసభయు లేదు. ధర్మశాస్త్రమున హనఫీ, మాలికీ, షాఫిఈ, హంబలీ అను నాలుగు సంప్రదాయములును ప్రామాణికములుగా నెన్నబడినవి. నమాజులో చేతుల నెట్లుంచవలెనను విషయమున సయితము వీనికి భేదము కలదు. 1265లో మమ్లూకు సుల్తాను బైబర్సు కైరోలో నాలుగు సంప్రదాయములకును నలుగురు ప్రధాన ఖాజీలను నియమించెను. అయినను ఆచారభేదమునకు గల చోటు విశ్వాసభేదమునకు లభింపలేదు. ఖురాను సృష్టమని యొప్పుకొనవలెనని 833లో ఖలీఫా అల్ మామూన్ పండితులను విచారణకు గుఱిచేసెను. ఒప్పుకొనని అహ్మద్ ఇబ్న్ హంబలు చెఱసాల పాలయ్యెను. అతని పేరనే హంబలీ సంప్రదాయము తరువాత నిలిచెను. 922లో సూఫీయగు హల్లాజు బాగ్దాదులో వధింపబడెను. షియా, సున్నీల వైరము సువిదితము.

ఈ యుదాహరణములను పోల్చిచూచిన నొక విషయము తేటపడును. రాజు ఒక్క యభిప్రాయమునే తనదిగా చేసికొన్నప్పుడు రెండు మతములలోను హింస పుట్టినది. లూయీ, మామూనులు ఇందుకు సాక్ష్యము. అధికారము పలు మతములవారికి పీట వేసినప్పుడు రెండింటను శాంతి కలిగినది. కావున సహనము ఒక మతమునకు సహజము, వేఱొకదానికి విరుద్ధము అనుట చరిత్రసమ్మతము గాదు.

భేదములను విడువకయే దగ్గఱకు వచ్చుటయు ఇటీవలి కాలమున కానవచ్చును. 1959లో అల్ అజహరు అధిపతి షల్తూతు షియా జాఫరీ సంప్రదాయమును అనుసరణీయముగా ప్రకటించెను. 1965లో పోపు ఆరవ పౌలును, కాన్‌స్టాంటినోపులు పాట్రియార్కు అథెనాగొరసును 1054 నాటి పరస్పర బహిష్కారములను తొలగించిరి. మన దేశమున 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికను, మెథడిస్టు మొదలగు సంఘములు కలిసి దక్షిణ ఇండియా సంఘముగా నేర్పడినవి. తెలుగు క్రైస్తవులు పెక్కురు ఇందలివారు. షియాలగు కుతుబ్‌షాహీలు హైదరాబాదున నిర్మించిన బాద్‌షాహీ ఆషూర్‌ఖానాను సున్నీలగు ఆసఫ్‌జాహీలును ఆదరించిరి.

ఈ రెండు మతముల చరిత్రను వ్రాయువారు ఒకదాని యుత్తమ ఘట్టమును వేఱొకదాని యధమ ఘట్టముతో పోల్చుట మానవలెను. సమానమును సమానముతో పోల్చినప్పుడే నిర్ణయము న్యాయమగును.