వరి మాగాణిలో మినుము: గింజ ఇంటికి, కట్టె పశువుకు

సార్వా కోసిన చేలో మినుము ఎందుకు చల్లాలో ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల సభ్యులకు కొత్తగా చెప్పనక్కరలేదు. దాళ్వాకు కాలువ నీరు అందని పొలాల్లోను, నీరు ఇవ్వని సంవత్సరాల్లోను మన రైతులు ఆశ్రయించేది అపరాలనే. అయితే ఒకే బోదె కింద, పక్కపక్క చేలల్లో ఒకరికి బస్తాలు నిండుతాయి, మరొకరికి విత్తనం ఖర్చు కూడా తిరిగి రాదు. ఈ తేడా ఎక్కడ వస్తున్నదో ఇక్కడ వివరించదలచాము. కట్టె లేని వేసవి పాడికి కరువు వేసవి గనుక ఇది పాల సంఘానికి కూడా సంబంధించిన విషయమే.

మాగాణి మినుముకు దుక్కి లేదు. నేలలో మిగిలిన పదునే దాని పెట్టుబడి. అందుచేత వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచి ఉన్న పైరులోనే విత్తనం చల్లుతాము. చేలోకి దిగితే అడుగు పడాలి గాని కాలు దిగబడరాదు. అడుగులో నీరు ఊరితే గింజ కుళ్ళుతుంది. అడుగే పడకపోతే మొలక రాదు. నవంబరు రెండవ పక్షం నుండి డిసెంబరు మధ్య వరకు చల్లినది బాగా పండుతుంది. నెలాఖరు దాటితే పూత, పిందె ఎండల పాలవుతాయి.

ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. మారుటేరు పరిశోధనా స్థానం నుండి 1982లో వచ్చిన స్వర్ణ వంటి రకాలు చేతికి రావడానికి సుమారు 150 రోజులు పడుతుంది. నారుమడి ఆలస్యమైతే కోత ఆలస్యం, కోత ఆలస్యమైతే మినుము ఆలస్యం. జనవరిలో పైరును చూసి దిగులుపడే రైతు, తన మినుము దిగుబడి సగం నారు పోసిన నాడే తేలిపోయిందని గ్రహించాలి. మినుము తప్పక వేయదలచిన చేలో తక్కువ కాలపు వరి రకం ఎంచుకోవడం మంచిదని మా అభిప్రాయం.

వరికోత యంత్రాలు వచ్చాక ఈ పద్ధతి కొంత చెదిరింది. ముందే చల్లిన చేలోకి యంత్రం దిగితే చక్రాల దారి పొడుగునా మొలక నలిగిపోతుంది, గడ్డి కూడా పాడవుతుంది. కూలీలు దొరికినచోట చేతికోతే మేలు, ఎందుకంటే గడ్డి శుభ్రంగా పశువుకు దక్కుతుంది. యంత్రం తప్పనిచోట కోత ముగిశాక విత్తి, పదును చాలకపోతే ఒక పలుచని తడి ఇవ్వాలి. తడి ఇచ్చే వసతి లేనివారు యంత్రానికి తొందరపడరాదు.

విత్తనం ఎకరాకు 16 నుండి 18 కిలోలు కావాలి. మెట్టలో ఇందులో సగం చాలు కదా అని కొందరు తగ్గిస్తారు. కాని దున్నని నేలలో కొన్ని గింజలు కొయ్యకాళ్ళ మధ్య చిక్కుకుంటాయి, కొన్ని పిట్టల పాలవుతాయి, మిగిలిన మొక్కలు ఎక్కువగా కొమ్మలు వేయవు. చదరపు మీటరుకు 30 నుండి 35 మొక్కలు నిలవాలి. మొలిచిన తరువాత నాలుగైదు చోట్ల లెక్కపెట్టి చూడండి.

పల్లాకు తెగులు పసుపు మచ్చలతో మొదలై చేనంతా పచ్చబారుస్తుంది. దానిని మోసుకువచ్చేది తెల్లదోమ. తెగులు సోకిన మొక్కను బాగుచేసే మందు లేదు. లాం నుండి వచ్చిన ఎల్.బి.జి. 787, తిరుపతి నుండి వచ్చిన టి.బి.జి. 104 ఈ తెగులును తట్టుకునే రకాలు. కిలో విత్తనానికి 5 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. పట్టిస్తే తొలి రోజుల్లో రసం పీల్చే పురుగుల బెడద తగ్గుతుంది. మందు పట్టించి మిగిలిన విత్తనాన్ని దాణాలో కలపరాదు, పశువు ముట్టేచోట ఉంచరాదు. పూత దశలో లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి పిచికారీ చేస్తే బెట్టలో ఉన్న పైరు కొంత నిలదొక్కుకుంటుంది. నీటి వసతి ఉంటే నెల రోజులకు ఒక తడి, 55 రోజుల లోపు మరొకటి చాలును.

బంగారు తీగ సంగతి పాడి రైతు ప్రత్యేకంగా గమనించాలి. ఈ తీగ గింజలు నేలలో ఏళ్ళ తరబడి బ్రతికి ఉంటాయి. పశువు తిన్నా అన్నీ జీర్ణం కావు, పేడతో బయటికి వచ్చి తిరిగి మొలుస్తాయి. గింజ కట్టిన తీగతో కలిసిన కట్టె పశువుకు వేసి, ఆ పేడ చేలో తోలితే వచ్చే ఏటికి మనమే విత్తినట్లవుతుంది. పూత రాకముందే తీగ పట్టిన మొక్కలను తీగతో సహా పీకి తగులబెట్టాలి.

కొల్లేరు అంచు గ్రామాల మాట వేరు. బుడమేరు, తమ్మిలేరు నీరు ఆలస్యంగా తీసే పల్లపు చేలల్లో, చేపల చెరువుల ఊట తగిలే గట్ల పక్కన మినుము గింజ కుళ్ళడం సహజం. విత్తనం మంచిది కాదని అనుకునేముందు మురుగు బోదె చూడాలి. నీరు తీయని తావును వదిలి, పదును కుదిరిన మేరకే మినుము చల్లి, ఆ తావు ఆరిన తరువాత పిల్లిపెసర చల్లుకుంటే కనీసం పచ్చిమేత దక్కుతుంది. పచ్చి పిల్లిపెసర ఒక్కటే కడుపునిండా వేస్తే పశువుకు పొట్ట ఉబ్బుతుంది కనుక వరిగడ్డితో కలిపి వేయాలి.

కాయలు నల్లబడగానే మొక్కను పీకకుండా కొడవలితో కోయడం మేలు. వేళ్ళ బుడిపెలలోని నత్రజని నేలలోనే మిగిలి సార్వాకు పనికివస్తుంది. కొన్ని చోట్ల చేను ఒకేసారి ఎండడానికి కోతకు ముందు పారాక్వాట్ కలుపుమందు కొట్టే అలవాటు వచ్చింది. ఈ మందు విషానికి విరుగుడు లేదు. అది కొట్టిన చేలోని కట్టెను, పొట్టును ఎంత కరువులోనైనా పశువుకు వేయవద్దని మేము గట్టిగా చెబుతున్నాము. కట్టె కొనేవారు కూడా ఆ చేలో ఏ మందు కొట్టారో అడిగి కొనాలి.

శుభ్రమైన మినప కట్టెలో మాంసకృత్తులు వరిగడ్డిలో కంటె రెట్టింపుకు పైగా ఉంటాయి. కళ్ళంలో మంచుకు, వానకు తడిసి బూజు పట్టినది మాత్రం పనికిరాదు. బాగా ఎండిన తరువాత ఎత్తు మీద వామి వేసి పైన వరిగడ్డి కప్పండి. మొదట కొద్దిగా, వారం పది రోజుల్లో పెంచుతూ, మూడు పాళ్ళ వరిగడ్డికి ఒక పాలు కట్టె చొప్పున కలిపి వేయండి. చూడి గేదెకు, పాలిచ్చే గేదెకు ముందుగా పంచండి.