నేరేడు రంగు కంటిదాకా వెళుతుందా?

షుగరున్న వాళ్ళు నేరేడు పళ్ళు తింటే కళ్ళకు మంచిదని తొలకరి రాగానే అందరూ చెబుతారు. ఆ మాటలో ఎంత నిజముంది?

ముందు, షుగరు కంటినెందుకు దెబ్బతీస్తుంది? కంటి వెనక తెర అయిన రెటీనాకు రక్తం అందించే చిన్న నాళాలు వెంట్రుక కంటే సన్నం. ఏళ్ళ తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే వాటి గోడలకు దన్నుగా నిలిచే కణాలు చచ్చిపోతాయి. గోడ అక్కడక్కడ ఉబ్బి నీరు, కొవ్వు కారతాయి. కొన్ని నాళాలు పూడిపోతాయి. రక్తం అందని రెటీనా వీఈజీఎఫ్ అనే ప్రొటీన్ విడుదల చేసి కొత్త నాళాలు పుట్టిస్తుంది. అవి వట్టి పెళుసు, చిట్లితే కంట్లో రక్తమే. ఇంత జరిగినా నొప్పి తెలియదు, చాలాకాలం చూపూ తగ్గదు.

నేరేడుకు ఆ ఊదా రంగునిచ్చేవి ఆంథోసయనిన్లు. షుగరు తెప్పించిన ఎలుకలకు ఇవే రంగులున్న బిల్బెర్రీ అనే పండు సారం పట్టిస్తే రెటీనా నాళాల లీకు తగ్గింది. మరి మనకెందుకు అంత గ్యారంటీ లేదు? చొక్కా మీద పడ్డ నేరేడు మరకకు సబ్బు రాసి చూడండి, ఊదా కాస్తా నీలానికి తిరుగుతుంది. ఆమ్లంలో కుదురుగా ఉండే రంగు అది, ఆమ్లం తగ్గితే నిలవదు. పొట్ట దాటి పేగుల్లోకి రాగానే చాలామటుకు విడిపోతుంది, మిగిలినదాన్ని అక్కడి సూక్ష్మజీవులు ముక్కలు చేస్తాయి. చెక్కుచెదరకుండా రక్తంలో చేరేది బహు స్వల్పం. ఆ ముక్కలూ కొంత మేలు చేస్తాయేమో గానీ, దాన్ని నమ్ముకుని కంటిని వదిలేయలేం.

బిల్బెర్రీ జామ్ తిన్న బ్రిటిష్ పైలట్లు రెండో ప్రపంచయుద్ధంలో చీకట్లో గురి తప్పలేదన్న కథ క్యాప్సూళ్ళ అమ్మకాలకు బాగా పనికొచ్చింది. నిజానికి శత్రు విమానాల జాడ పట్టించింది రాడార్.

కంటిని కాపాడేదేమిటో 1993లో వెలువడిన అమెరికా, కెనడాల డీసీసీటీ అధ్యయనం తేల్చింది: టైప్ 1 రోగుల్లో చక్కెరను గట్టిగా అదుపులో పెడితే కొత్తగా రెటీనా జబ్బు వచ్చే ముప్పు 76 శాతం తగ్గింది. బీపీ అదుపు కూడా ముఖ్యం. టైప్ 2 అని తెలిసిన వెంటనే ఒకసారి, ఆపైన డాక్టరు వేరేగా చెప్పకపోతే ఏటా కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి. కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, బండి నడపకండి, తోడెవరినైనా తీసుకెళ్ళండి.

నేరేడు తినొచ్చా? గుప్పెడు హాయిగా తినండి, పైన చల్లుకునే ఉప్పు మాత్రం తగ్గించండి. షుగరు కోసం నేరేడు గింజల పొడి వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. అది తాగుతున్నాం కదా అని మాత్రలు మానేయకండి.