కూలి పెరిగిందా? వడ్లతో కొలిచి చూడండి

బచ్చన్నపేట: నాటు, కలుపు, పత్తి ఏరడం... ఏ పనికైనా కూలి మండిపోతోందని రైతు అంటాడు. తెచ్చింది చాలడం లేదని కూలి అంటాడు. ఇద్దరి మాటా నిజమే. ఎకరం, రెండెకరాల రైతు ఇంట్లోనైతే ఈ ఇద్దరూ ఒక్కరే. తన మడిలో పని తీరితే పక్క చేనుకు కూలికి పోవాల్సిందే. కాబట్టి ఈ లెక్క రైతుకు తెలిసి ఉండాలి.

గింజల లెక్క

తాతల కాలంలో కూలి గింజల్లో కొలిచి ఇచ్చేవారు. ఆ కొలతతోనే చూద్దాం. ఉపాధి హామీ పథకం 2006లో మొదలైంది. బచ్చన్నపేట అప్పుడున్న వరంగల్ జిల్లా మొదటి విడతలోనే ఉంది. రోజు కూలి 80 రూపాయలు. 2006-07లో సాధారణ రకం వడ్ల మద్దతు ధర బోనస్‌తో కలిపి క్వింటాలుకు 620 రూపాయలు. అంటే ఒక రోజు కూలికి దాదాపు 13 కిలోల వడ్లు.

2024-25లో తెలంగాణలో ఉపాధి కూలి 300, వడ్ల ధర 2,300. లెక్క కట్టండి. మళ్లీ 13 కిలోలే! రూపాయలు నాలుగింతలకు దగ్గరపడ్డాయి, గింజలు పెరగలేదు. సీజన్‌లో పొలం కూలి ఇంతకన్నా ఎక్కువే పలుకుతుంది. కానీ అది ఏడాది పొడవునా దొరకదు.

ఎందుకిలా?

2011 నుంచి ఉపాధి కూలిని వ్యవసాయ కూలీల ధరల సూచీకి ముడిపెట్టారు. ధరలు ఎంత పెరిగితే కూలి అంతే పెరిగేది. 2024లో రేటు కట్టేనాటికీ ఆ సూచీకి ఆధారం 1986-87 సంవత్సరమే. అందులో తిండి ఖర్చుదే పెద్ద వాటా. చదువు, ఆస్పత్రి, ఫోను వంటి ఈ తరం ఖర్చులకు తూకం తక్కువ.

ఇటు భూమీ తరిగింది. తాతకు ఆరెకరాలుంటే ముగ్గురు కొడుకులకు రెండేసి, మనవళ్లకు ఎకరం. తెలంగాణలో సగటు కమతం 2010-11లో 1.12 హెక్టార్లు. 2015-16లో అది ఒక్క హెక్టారే, అంటే రెండున్నర ఎకరాలు.

దేశంలో సగటు రైతు కుటుంబానికి 2012-13లో నెలకు పంట మీద 3,081 రూపాయలు, కూలి, జీతాల మీద 2,071 వచ్చేవి. 2018-19కి ఇది తిరగబడింది. పంట మీద 3,798, కూలి, జీతాల మీద 4,063. మరోవైపు దేశ ఆదాయంలో నూటికి ఒక్కరైన పైవర్గం వాటా 1982లో 6 శాతం ఉంటే, 2022-23లో 22 శాతం దాటిందని ఆర్థికవేత్తల అంచనా. వెనకబడింది రైతూ, కూలీ ఇద్దరూనని దీన్నిబట్టి గ్రహించాలి.

రైతులు ఏం చేయాలి?

మద్దతు ధర నిర్ణయించేటప్పుడు విత్తనం, ఎరువు, కిరాయి ఖర్చులతోపాటు ఇంటివాళ్ల కష్టానికీ కూలి కడతారు. ఊళ్లో కూలి తక్కువగా లెక్కపడితే మన కష్టం విలువా తగ్గుతుంది. చాలామంది రైతులు సొంత కష్టాన్ని ఖర్చులో రాయరు. అందుకే మిగలకున్నా మిగిలినట్టు కనిపిస్తుంది. ఈ పంట నుంచే ఒక నోట్‌బుక్ పెట్టండి. ఇంట్లో ఆడ, మగ ఎవరు ఎన్ని రోజులు చేశారో, బదులు పనికి ఎన్ని రోజులు పోయారో రాయండి. అమ్మకం అయ్యాక ఆ రోజులకు కూలి తీసేస్తే మిగిలేదే అసలు లాభం.