టోపీ పెట్టే టోపీలు!

బైకు హెల్మెట్ కొనేటప్పుడు ఏం చూస్తాం? ఐఎస్ఐ గుర్తు ఉందా లేదా అని. ఉంటే ధైర్యంగా కొనేస్తాం. మరి వందల ఏళ్ల కిందట ఐరోపాలో గుర్రపు రౌతు పెట్టుకున్న శిరస్త్రాణం కొనాలంటే? దానిమీద ఎన్ని ముద్రలున్నా వెంటనే నమ్మడానికి లేదు. హెల్మెట్‌నే నకలు చేసినవాడికి ముద్ర కొట్టడం ఓ లెక్కా!

ఆ శిరస్త్రాణాల అందమే వేరు మరి. ఫ్రెంచి కుయిరాసియర్ దళం వాడిన 1874 నమూనానే చూడండి. ఉక్కు టోపీ, దానిమీద ఇత్తడి శిఖ, శిఖ ముందు మెడూసా తల, వెనక వీపు మీద జడలా వేలాడే గుర్రపు వెంట్రుకలు... 1914లో మొదటి ప్రపంచ యుద్ధానికీ వాటితోనే వెళ్లారు. ఎండకు తళుక్కుమని శత్రువు కంట్లో పడకుండా పైన గుడ్డ తొడుగు వేసుకున్నారు. అలాంటి చరిత్రను ఇంట్లో పెట్టుకోవాలని సేకర్తల ఆశ. ఆ ఆశే నకిలీల పెట్టుబడి!

నకలుకూ నూటయాభై ఏళ్లు

ఇది ఇవాళ మొదలైన వ్యాపారం కాదు. 1839లో స్కాట్లాండులోని ఎగ్లింటన్‌లో పాతకాలపు వీరుల్లా కవచాలు తొడిగి పోటీలు పెట్టారు. వాన దంచికొట్టి తమాషా అంతా బురదపాలైంది కానీ, కవచాల మోజు మాత్రం పెరిగింది. దాంతోపాటే నకళ్లూ పుట్టుకొచ్చాయి. వాటికీ ఇప్పుడు నూటయాభై ఏళ్లు దాటాయి. వాటి తుప్పు నిజమైనదే, చెప్పే చరిత్రే అబద్ధం. అందుకే 'పాతది' అంటే 'అసలుది' అని కాదు.

మన డెహ్రాడూన్‌లోనూ పాత నమూనాల హెల్మెట్లు చేసి విదేశాలకు పంపుతారు. నాటకాలకీ సినిమాలకీ నకలని చెప్పే అమ్ముతారు. అందులో తప్పేం లేదు. ఎవరైనా దాన్ని కొని, ఆమ్లం పూసి, మట్టిలో పాతిపెట్టి, 'తాతలనాటిది' అని అమ్మినప్పుడే మోసం.

తిరగేసి చూడాల్సిందే

మరి పట్టుకోవడం ఎలా? హెల్మెట్‌ని బోర్లించి లోపలికి చూడటమే మొదటి పాఠం. బయటి భాగాన్ని ముస్తాబు చేసినంత ఓపికగా లోపలి భాగాన్ని చేయడం కష్టం.

1642లో మొదలైన ఇంగ్లిష్ అంతర్యుద్ధంలో రౌతులు వాడిన 'రొయ్యతోక' శిరస్త్రాణాలున్నాయి. మెడ మీద రేకులు ఒకదానిమీద ఒకటి రొయ్య తోకలా పరుచుకుని ఉంటాయి. సుత్తితో సాగదీసిన రేకు కాబట్టి మందం అంతటా ఒకేలా ఉండదు. పాత ఇనుములో చిట్టెం గీతలుంటాయి. అక్కడక్కడా పొరలు లేస్తాయి. యంత్రంలో చుట్టిన నేటి ఉక్కు రేకు అప్పడంలా అంతటా ఒకే మందం. లోపల కరెంటు వెల్డింగు అతుకు కనిపిస్తే ఆ పని 17వ శతాబ్దంలో జరగలేదన్నమాటే.

స్టార్ స్క్రూ ఉందా? అది 1930ల్లో వచ్చింది. క్రోమియం పూత మెరుస్తోందా? అది వాడకంలోకి వచ్చింది 1920ల్లో. కనీసం ఆ మర, ఆ పూత తర్వాతి కాలానివే. ఇక అరుగుదల. నిజంగా వాడినదైతే చెయ్యి పట్టేచోట, గడ్డం పట్టీ రాసుకునేచోట అరుగుతుంది. దొంగ పాతదనం అంతటా సమానంగా ఉంటుంది.

టోపీలకీ పెళ్లిళ్లు!

అన్నిటికన్నా కష్టం సగం అసలు, సగం అతుకు అయినవాటితోనే. ఒకదాని టోపీకి ఇంకోదాని బిళ్ల బిగిస్తారు. పాతవస్తువుల వ్యాపారులు దీన్ని 'పెళ్లి' అంటారు. ప్రష్యా సైన్యంలో మామూలు రౌతు హెల్మెట్ కన్నా అధికారిది ఎక్కువ ధర పలుకుతుంది. అందుకే రౌతు టోపీకి అధికారి అలంకారాలు చేరతాయి. బిళ్ల తీసి చూస్తే కింద పనిలేని రంధ్రాలు గుట్టు విప్పుతాయి.

అలాగని అదనపు రంధ్రం కనిపించగానే నకిలీ అనేయకూడదు. సైన్యమే పాత హెల్మెట్లకు మార్పులు చేసి మళ్లీ వాడేది. 1897లో జర్మన్ సైనికుల టోపీలకు నలుపు, తెలుపు, ఎరుపు రంగుల సామ్రాజ్య బిళ్ల కొత్తగా చేరింది. '1870 యుద్ధంలో వాడింది, అప్పటినుంచి ముట్టుకోలేదు' అని చెప్పే హెల్మెట్‌కి ఆ బిళ్ల ఉంటే కథ అబద్ధమే. హెల్మెట్ మాత్రం అసలుదే అయ్యుండొచ్చు!

అనుమానం తీరకపోతే ఎక్స్‌రే కిరణాలతో లోహంలో ఏమేం కలిశాయో గీత పడకుండా తేల్చే పరికరాలున్నాయి. చేతులు మారిన వివరాల కాగితాలూ ముఖ్యమే.

సేకర్తలు చేసే పెద్ద పొరపాటు ఇంకోటుంది. పాత ఇత్తడి బిందెను చింతపండు పెట్టి తోమినట్టు, దొరికిన హెల్మెట్‌ని తళతళలాడించడం. లోపలి చిరిగిన తోలు తీసి కొత్తది కుట్టించడం. పేరు కూడా మిగలని ఏ రౌతు తలో అందులో ఉండేది. అతడి చెమట మరక ఆ తోలు మీదే ఉంటుంది. దాన్ని చెరిపేస్తే అసలుకీ నకలుకీ తేడా చెప్పే సాక్ష్యమూ పోతుంది.

పాత హెల్మెట్‌కి ఆ మరకే ఐఎస్ఐ గుర్తు!