సిగ్నల్‌కు బండి బరువు తెలియదు
మోటర్‌సైకిళ్లు, ఎర్రదీపాలు: అపోహలు – వాస్తవాలు

నెల్లూరు జిల్లా బిట్రగుంటలో సిగ్నల్ అనగానే మనసు ముందు పట్టాల మీదికే పోతుంది. ఆవిరి ఇంజన్ల రోజుల్లో లోకో షెడ్డుతో, రైల్వే కాలనీతో పెరిగిన ఊరు ఇది. విజయవాడ – చెన్నై రైలు మార్గం 1899లో కలిసింది. 1980 నాటికి ఆ దారి పొడవునా కరెంటు తీగలు వచ్చాయి. ఆవిరి ఇంజన్లతోపాటు షెడ్డు సందడీ తగ్గిపోయింది. కానీ ఎర్రదీపం కనబడితే ఆగి తీరాలన్న రైల్వే క్రమశిక్షణ ఇక్కడి పాత కుటుంబాలకు కొత్త సంగతి కాదు.

అదే ఊరి కుర్రాడు మోటర్‌సైకిల్ మీద నెల్లూరు వెళ్లి కూడలిలో ఆగితే వెనక నుంచి రకరకాల సలహాలు వినబడతాయి. "బండి తేలిక కదా, సిగ్నల్‌కు తెలియడం లేదన్నా, పోనీ" అంటాడొకడు. "లైటు కొట్టు, పచ్చ పడుతుంది" అంటాడు ఇంకొకడు. విదేశాల వీడియోలు చూసి బండి కింద అయస్కాంతం కట్టుకోవాలనుకునే వాళ్లూ ఉన్నారు. ఈ మాటల్లో నిజం ఎంతో ఒక్కొక్కటే చూద్దాం. ఇది ప్రాణాలతో ముడిపడ్డ విషయం.

అపోహ 1: రోడ్డు కింద తూకం ఉంటుంది. బైకు తేలిక కాబట్టి దానికి తెలియదు.

వాస్తవం: వాహనాన్ని గుర్తించే సిగ్నళ్లు చాలావరకు బరువును చూడవు, లోహాన్ని చూస్తాయి. రోడ్డు మీద సన్నటి గాడి కోసి, అందులో రాగి తీగను చుట్లుగా పరిచి, పైన తారులాంటి పూత పూస్తారు. తీగలో అతి వేగంగా దిశ మారే కరెంటు పారుతుంటుంది. దాని పైకి లోహం వస్తే ఆ లోహంలో సుడి ప్రవాహాలు పుట్టి తీగ చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని కొంచెం మారుస్తాయి. పక్కనున్న పెట్టెలోని పరికరం ఆ మార్పును పట్టుకుని వాహనం వచ్చిందని లెక్క వేసుకుంటుంది.

బరువుతో పని లేదనడానికి సాక్ష్యం లారీయే. దాని అడుగు భాగం రోడ్డుకు ఎత్తుగా ఉంటుంది కాబట్టి, నిండా సరుకున్నా కిందికి వాలిన చిన్న కారుకంటే బలహీనంగా కనబడవచ్చు. అల్యూమినియం రిమ్ములున్న సైకిల్‌ను సైతం సరిగ్గా సర్దిన తీగ గుర్తిస్తుంది. మోటర్‌సైకిల్‌తో వచ్చే ఇబ్బంది వేరు. దాని లోహం సన్నగా, నిలువుగా ఉంటుంది. తీగ చుట్టు నడిమధ్యలో ఆగితే ఆ క్షేత్రానికి పెద్దగా అడ్డు తగలదు.

రైల్వే వాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. 1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ తయారుచేసిన ట్రాక్ సర్క్యూట్ కూడా బరువు చూడదు. రెండు పట్టాల్లో తక్కువ వోల్టేజీ కరెంటు పారుతుంటుంది. ఇనుప చక్రాలు, ఇరుసు ఆ రెండు పట్టాలనూ కలిపేయగానే అటు చివరనున్న రిలే అనే స్విచ్చుకు కరెంటు అందదు, సిగ్నల్ ఎర్రగా మారుతుంది. పట్టా విరిగినా, తీగ తెగినా పడేది ఎరుపే. రెండుచోట్లా సూత్రం కరెంటుదే.

అపోహ 2: మన దగ్గర ఎరుపు ఎంతకీ మారకపోతే, సిగ్నల్ బైకును గుర్తించలేదని అర్థం.

వాస్తవం: మన పట్టణాల్లో చాలా సిగ్నళ్లు ఎవరినీ గుర్తించవు. అవి గడియారం ప్రకారం నడుస్తాయి. ఏ దారికి ఎన్ని సెకన్లో ముందే పెట్టి ఉంచుతారు. కారు వచ్చినా, బైకు వచ్చినా, అర్ధరాత్రి ఎవరూ రాకపోయినా వాటి వరస అదే. తెలుసుకోవడం సులభం. రద్దీ ఉన్నప్పుడొకసారి, లేనప్పుడొకసారి ఎరుపు ఎన్ని సెకన్లు ఉందో లెక్కపెట్టండి. ఒకే గంటలో రెండుసార్లూ ఒకే లెక్క వస్తే అది గడియారం సిగ్నలే. దాని ముందు ఏ చిట్కా వేసినా ఫలితం ఉండదు.

రద్దీని బట్టి సమయం మార్చుకునే సిగ్నళ్లు ప్రపంచానికి కొత్తవి కావు. సిడ్నీలో పుట్టిన స్కాట్స్, బ్రిటన్‌లో పుట్టిన స్కూట్ అనే వ్యవస్థలు 1970ల నాటివి. మన దేశంలో ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాక్ కూడా ఇక్కడి కలగాపులగం రద్దీకి తగ్గట్టు అలాంటి వ్యవస్థను తయారుచేసింది. అవి మన ఊళ్లకూ వస్తున్న కొద్దీ తర్వాతి సంగతి తెలుసుకోవడం అవసరమవుతుంది.

అపోహ 3: ఆపు గీత దాటి అందరికంటే ముందు నిలబడితే సిగ్నల్ త్వరగా గుర్తిస్తుంది.

వాస్తవం: జరిగేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. తీగ చుట్టును ఆపు గీతకు వెనకనే పరుస్తారు. కెమెరాతో నడిచే సిగ్నలైనా దాని తెర మీద గీసిపెట్టిన గడి ఆ గీత వెనకే ఉంటుంది. సందులు చూసుకుని ముందుకు జారి, జీబ్రా గీతల మీద ఆగిన బైకు ఆ గడి దాటిపోయినట్టే. వెనక ఇంకే వాహనమూ లేకపోతే, అక్కడ ఎవరూ లేరనే సిగ్నల్ అనుకుంటుంది. సిగ్నల్‌కు కనబడకుండా పోయే బైకుల్లో ఇలా తమంతట తాము తప్పుకున్నవీ ఉంటాయి.

రోడ్డు మీద కోసి పూడ్చిన నల్లటి గీతలు దీర్ఘచతురస్రంగా కనిపిస్తే, దాని మధ్యలో కాక పక్క గీత మీద రెండు చక్రాలూ ఉండేలా ఆగండి. పక్కపక్కనే రెండు గళ్లుగా కోసి ఉంటే రెంటికీ ఉమ్మడిగా ఉన్న మధ్య గీత మీద ఆగండి. తీగ ప్రభావం అక్కడే ఎక్కువ.

అపోహ 4: బండి కింద బలమైన అయస్కాంతం కడితే పచ్చ పడుతుంది.

వాస్తవం: ఈ పేరుతో అయస్కాంతాలు అమ్మేవాళ్లు విదేశాల్లో ఉన్నారు. కానీ తీగ చుట్టు వెతికేది అయస్కాంతాన్ని కాదు, కరెంటును పారనిచ్చే లోహాన్ని. కదలకుండా ఉన్న అయస్కాంతం దానికి చిన్న లోహపు ముక్కతో సమానం. డబ్బు ఖర్చు తప్ప ప్రయోజనం లేదు.

అపోహ 5: హెడ్‌లైట్ ఆర్పి వెలిగించినా, ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేసినా, సైడ్ స్టాండ్ వేసినా గుర్తిస్తుంది.

వాస్తవం: కొన్ని దేశాల్లో అంబులెన్సులకు దారి ఇచ్చే సిగ్నళ్లు ప్రత్యేక పరికరం పంపే కాంతి తళుకులను లెక్కపెట్టి గుర్తిస్తాయి. చేత్తో కొట్టే హెడ్‌లైటును అవి లెక్కలోకి తీసుకోవు. స్టార్టర్ మోటారు మాటా అంతే, తీగ చుట్టు దాన్ని పట్టించుకోదు. సైడ్ స్టాండ్ కాస్తంత ఇనుమే గానీ, బండి సరైన చోట ఆగడంతో పోలిస్తే అది ఏపాటిదీ కాదు. ఇందులో నిజం ఒకటుంది. రాత్రిపూట కెమెరాకు నిలకడగా వెలిగే దీపం సాయపడుతుంది. 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త ద్విచక్ర వాహనాలకు హెడ్‌లైట్ దానంతటదే వెలిగి ఉండాలన్న నియమం వచ్చింది. దాన్ని ఆర్పడానికి స్విచ్చులు బిగించుకోకండి.

అపోహ 6: సిగ్నల్ బైకును గుర్తించకపోతే ఎర్రదీపం దాటి పోవచ్చు. చట్టమే ఒప్పుకుంది.

వాస్తవం: అది అమెరికాలో కొన్ని రాష్ట్రాల చట్టం. 2002లో మిన్నెసోటా దారి చూపింది, తర్వాత మరికొన్ని రాష్ట్రాలు అదే దారిలో నడిచాయి. మన వాళ్లు చాలామంది ఉండే ఇల్లినాయిలో 2012 నుంచి మోటర్‌సైకిల్ నడిపేవారు కనీసం 120 సెకన్లు ఆగి చూసి, అడ్డు వచ్చేవారికి దారి ఇచ్చి జాగ్రత్తగా వెళ్లవచ్చు. షికాగో నగరానికి ఆ వెసులుబాటు కూడా లేదు. కాబట్టి అక్కడున్న మన పిల్లలు కూడా తామున్న రాష్ట్రం చట్టం చూసుకోకుండా కదలకూడదు.

మన దేశంలో అలాంటి మినహాయింపు లేదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ ఎర్రదీపం దాటడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద చేర్చింది. సిగ్నల్ నిజంగానే పాడైతే అక్కడున్న పోలీసు చేతి సైగే ఆజ్ఞ. పోలీసు లేకపోతే ట్రాఫిక్ పోలీసులకు ఫోన్ చేసి చెప్పాలి.

అపోహ 7: పట్టాల మీద బైకు ఆగిపోతే రైలు సిగ్నల్ దానంతటదే ఎర్రబడుతుంది.

వాస్తవం: అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం ఇదే. బైకు చక్రాలు రబ్బరువి. అవి రెండు పట్టాలను రైలు ఇరుసులా కలపవు. ఇరుసులను లెక్కపెట్టే కొత్త పరికరాలకైతే బైకు ఉన్నట్టే తెలియదు. సిగ్నల్‌తో అనుసంధానించిన గేటు మూసి, తాళం పడ్డాకే రైలుకు పచ్చదీపం వస్తుంది. అంటే గేటు వేసి ఉందంటే రైలుకు దారి ఇచ్చేసినట్టే అనుకోవాలి. గంటకు 130 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు సెకనుకు 36 మీటర్లు దాటుతుంది. బ్రేకు వేశాక ఆగడానికి కిలోమీటరు దాకా పట్టవచ్చు. గేటు కింద బండిని వంచి దూరిపోయే వాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి.

చివరిగా రెండు మాటలు. మొదటిది ఇంజనీర్లకు. కాలిఫోర్నియా 2007లో చేసిన చట్టం, వాహనాన్ని గుర్తించే కొత్త సిగ్నళ్లు మోటర్‌సైకిల్‌నూ సైకిల్‌నూ కూడా గుర్తించి తీరాలంది. మన దేశంలో నమోదైన వాహనాల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ద్విచక్రాలే. ఇక్కడ పెట్టే ప్రతి కొత్త సిగ్నల్‌నూ ముందు ఒంటరి బైకుతో పరీక్షించి, ఆ తర్వాతే ప్రారంభించండి. బైకు కనబడకపోతే లోపం పరికరాన్ని సర్దిన తీరులో ఉంది, బైకులో కాదు.

రెండోది బండి నడిపేవారికి. గీత వెనక ఆగండి, దీపం వెలిగి ఉండనివ్వండి, పచ్చ పడేదాకా ఓపిక పట్టండి. పట్టాల మీద వెళ్లే రైలు ఎర్రదీపం ముందు ఆగుతుందన్న నమ్మకంతోనే అందులో వేలమంది నిద్రపోతారు. రోడ్డు మీద ఆ నమ్మకం నిలబెట్టాల్సింది మనమే.